మూడో చుక్క

"సార్ చూసి వెళ్లేదాకా కదలకు, నోరు మెదపకు," అని భార్యను మూలకుర్చీలో కూర్చోబెట్టి, పరిశోధకుడు తన గైడుకి కంప్యూటర్ తెర చూపించాడు.

"ఒంటికి ఏ పరికరమూ తగిలించక్కర్లేదు సార్. గదిలో మనుషులుంటే వైఫై తరంగాలే పట్టేస్తాయి. మనిషికో చుక్క."

"ముగ్గురం ఉన్నాం. రెండే చుక్కలున్నాయేం?"

"కదలనివాటిని ఈ ప్రోగ్రాం సామాను కింద లెక్కేసి తీసేస్తుంది సార్. ఈ పరిశోధనకి ప్రాణం అదే."

"ఇంటావిణ్ణే సామాను చేసేసిందా!" గైడు పగలబడి నవ్వాడు. "ఎవరిదయ్యా ఈ ఆలోచన?"

"నాదే సార్."

ఆమె లేచి నిలబడింది. తెరమీద మూడో చుక్క వెలిగింది.

"ఈ పరిశోధన పేపరు ఇద్దరం ఒకే ఆన్‌లైన్ ఫైల్లో కలిసి రాశామండీ. ఏ ముక్క ఎవరు రాశారో అందులో పేరుతో సహా ఉంటుంది. ఆ ఆలోచన నాది," అంది. "నన్ను కదలకుండా కూర్చోమన్నదొక్కటే ఈయన సొంతం."