వాది తరఫు సాక్షి

"ఇంకొక్క ముద్ద తిను. ఖాళీ కడుపుతో లోపలికెళితే కళ్ళు తిరిగి పడతావు," అంది హన్నమ్మ.

ఏలూరు కోర్టు మెట్ల పక్కన నీడలో కూర్చుని ఏసుకుమార్‌కి అన్నం కలిపి పెడుతోంది. అతని కుడిచెయ్యి మోచేతి దగ్గర వంకరపోయి ఒళ్ళో పడి ఉంది. నలుగురిలో ఎడంచేత్తో తినాలంటే అతనికి నామోషీ. పెళ్ళయిన మగాడికి ముద్దలు కలిపి పెట్టాల్సిన గతి పట్టించినవాడేమో గేటు దగ్గర కారుకి ఆనుకుని ఫోన్లో నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూడగానే హన్నమ్మకి ఒళ్ళు భగ్గుమంది.

ఆ నవ్వేవాడి పేరు విజయ్ కుమార్. మండవల్లి దగ్గర చేపల చెరువులు లీజుకి తీసుకున్నాడు. నాలుగు డబ్బులు చూసేసరికి కళ్ళు నెత్తికెక్కాయి. ఏసుకుమార్ ఆ చెరువుల మీదే పనిచేసేవాడు. కిందటేడు మబ్బు పట్టిన ఒక పొద్దున నీళ్ళలో గాలి చాలక చేపలు తేలిపోయాయి. మోటార్లు ఎందుకు తిప్పలేదని విజయ్ కుమార్ విరుచుకుపడ్డాడు. కరెంటు పోయింది, డీజిలు లేదు, ఫోన్ చేస్తే మీరే ఎత్తలేదన్నాడు ఏసుకుమార్. నాకే ఎదురు చెబుతావా అని పడవ గెడ తీసుకుని బాదాడు. కిందపడ్డాక కూడా బాదాడు.

కొడుక్కి టిఫిను పట్టుకుని అప్పుడే గట్టెక్కిన హన్నమ్మ అదంతా కళ్ళారా చూసింది. కేకలు పెడుతూ పరుగెత్తింది. ఆవిడ చేరేలోపే కొట్టినవాడు గెడ పారేసి బైకెక్కి పోయాడు.

పోలీసు కేసు నిలవలేదు. గట్టు మీదున్న పనివాళ్ళంతా మేం చూడలేదండీ అనేశారు. హన్నమ్మని ఎవరూ అడగనే లేదు. పైగా ఏసుకుమార్ తాగి పడవ మీద పడ్డాడని, ఆ పొద్దున తను కైకలూరులో ఉన్నానని విజయ్ కుమార్ చెప్పుకొచ్చాడు. ఆ మాట విన్న రోజే హన్నమ్మ లాయరు చంద్రకళ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి, నష్టపరిహారం దావా వేయించింది. ఏసుకుమార్ భార్య ఐసు ఫ్యాక్టరీలో పనికి వెళ్తేగాని ఇల్లు గడవదు. అందుకని ప్రతి వాయిదాకీ అతణ్ని బస్సెక్కించి తీసుకొచ్చేది హన్నమ్మే.

క్షమించెయ్యమని చర్చిలో ఆడవాళ్ళు ఆవిడ చుట్టూ చేరారు. తప్పు చేశానని ఇంతవరకూ ఒప్పుకోనివాణ్ని ఎలా క్షమించేదని ఆవిడ కసిరింది. భార్య కోర్టు బోనెక్కితే ఊళ్ళో తలెత్తుకోవడం ఎలాగని పొద్దునే ఆవిడ భర్త జోసెఫ్ ఫోన్ చేశాడు. తలెత్తుకోవాలనే ఎక్కుతున్నానని చెప్పి పెట్టేసింది.

"అమ్మా, ఇప్పటికైనా మించిపోలేదు. నా గురించి మీరు ఇంత పడొద్దండీ," అన్నాడు ఏసుకుమార్.

"నోర్మూసుకుని తిను," అంది హన్నమ్మ. ఇంకో ముద్ద కలిపి అతని నోటికందించింది.

వరండాలో విజయ్ కుమార్ లాయరు పాపారావు ఆవిణ్ని పక్కకి పిలిచాడు. ఎంతో మెత్తగా మాట్లాడాడు.

"మిమ్మల్ని అబద్ధం చెప్పమనట్లేదండీ. మీరు చూసింది వీపే కదా, ముఖం కాదు కదా. అడిగితే ఆ ఒక్క మాటా చెప్పి ఊరుకోండి. మిగతాది నేను చూసుకుంటాను."

"అడిగినవాటికల్లా నిజమే చెబుతానండీ," అంది హన్నమ్మ. ఆయన ముఖాన ఉమ్మెయ్యాలనిపించింది గాని కోర్టని ఊరుకుంది.

బోనెక్కే ముందు చంద్రకళ కూడా ఒక్కసారి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "మీ సాక్ష్యం తప్ప మనకింకేం లేదండీ. అది నిలబడకపోతే దావా కొట్టేస్తారు. కానీ చెప్పాక వెనక్కి తీసుకోలేరు. ఆలోచించుకున్నారా?"

"ఏడాదిగా నాకు వేరే ఆలోచన లేదండీ."

ప్రమాణం చేసి, చూసింది చూసినట్టు చెప్పింది. గెడ ఎలా లేచిందో, ఏసుకుమార్ ఎలా దణ్ణం పెట్టాడో కూడా చెప్పింది. పాపారావు లేచి రెండే ప్రశ్నలు వేశాడు.

"ఇప్పుడు మీరుంటున్నది ఏసుకుమార్ ఇంట్లోనే కదండీ?"

"అవునండీ. వాళ్ళు పెట్టిందే తింటున్నాను."

"కొట్టినవాడి ముఖం చూశారా?"

"లేదండీ. వీపు చూశాను."

పాపారావు ఇక చాలన్నట్టు కూర్చున్నాడు. చంద్రకళ ముఖం పాలిపోయింది. జడ్జిగారు కాగితాల మీంచి తలెత్తారు.

"మబ్బుగా ఉంది, దూరం నుంచి చూశారు, ముఖం కనపడలేదు. వెనకనుంచి చూసి విజయ్ కుమారేనని అంత గట్టిగా ఎలా చెబుతున్నారమ్మా?"

పాపారావు గబుక్కున లేచాడు. జడ్జిగారు కూర్చోమని సైగ చేశారు. ఆ పొద్దున్నుంచీ ఆవిడ వైపు చూడని విజయ్ కుమార్ అప్పుడు చూశాడు. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. హన్నమ్మ పళ్ళు బిగబట్టి, వాడి కళ్ళల్లోకే చూస్తూ జవాబు చెప్పింది.

"వాణ్ని కన్నది నేనేనండీ."