మేడ మీది సైరన్

విశ్వవిద్యాలయం పాత భవనం బయటి గోడలకు కొత్త తొడుగు వేశారు. మంట అంటుకోని పలకలు, వేడిని ఆపే జంట అద్దాలు. రైలింజన్ల షెడ్డు సైరన్ వింటూ రైల్వే కాలనీలో పెరిగిన ఇంజనీరు భాస్కరరావు, ఇక్కడా సైరన్‌ను మేడ మీదే పెట్టించాడు.

ఫైర్ డ్రిల్ రోజు అది పక్క ఊరు గతౌరా దాకా వినపడేట్టు మోగింది. లోపలినుంచి ఒక్కరూ దిగలేదు.

మూడో అంతస్తులో పాఠం చెబుతున్న భార్య ఊర్మిళకు ఫోన్ చేశాడు.

"ఫైర్ డ్రిల్ సైరనేసాం. దిగరేటి?"

"ఏ సైరనండీ? అచ్ఛా, అద్దాలు భలే బిగించారు. గూడ్సు కూత కూడా వినబడట్లేదు."

అతను గర్వంగా నవ్వుకున్నాడు.

"డ్రిల్లుకేటి, ఇంత పొగెట్టించారు? పిల్లలు దగ్గుతున్నారు. కాస్త తగ్గించమనండి."

డ్రిల్లుకు పొగ పెట్టించలేదు. భాస్కరరావు తలెత్తి చూశాడు. కొత్త గోడలు పిసరంత పొగనైనా బయటికి పోనివ్వడం లేదు.