అమ్మమ్మ పట్టుకున్న తప్పులు

“ఈ అమ్మమ్మ ఎవరు?” అంటూ ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ప్రాజెక్టు డైరీని శేషం వైపు తిప్పి పెట్టాడు.

శేషం అసలు పేరు హాజరు పట్టీకే పరిమితం. ఫైనలియర్ కంప్యూటర్స్ క్లాసులో నలభై ఒక్కమంది, ప్రాజెక్టుకి నలుగురేసి చొప్పున జట్లు కడితే చివరికి ఒక్కతే మిగిలింది. అప్పట్నుంచీ అందరికీ శేషమే. నలుగురి పని నాలుగు నెలల్లో ఒంటిచేత్తో ముగించి, ఈ రోజు ల్యాబులో అందరి ముందూ నిలబడింది.

ఎగ్జామినర్ డైరీలో పదిహేడు చోట్ల ఎర్రగీతలు పెట్టాడు. పదిహేడు చోట్లా ఉన్నది ఒకే మాట, “అమ్మమ్మ పట్టుకున్న తప్పు”. ఏ రోజు ఏ తప్పు ఎలా దొరికిందో దాచకుండా రాయమని హెచ్‌ఓడీ మేడమ్ మొదట్లోనే చెప్పింది. మిగతా జట్లు నిన్న మధ్యాహ్నం క్యాంటీన్‌లో కూర్చుని నాలుగు నెలల డైరీని ఒక్క ఊపున నింపేశాయి. శేషం ఒక్కతే పిచ్చిమాలోకంలా ఏ రోజుది ఆ రోజే రాసింది. ఇప్పుడు అదే కొంప ముంచేలా ఉంది. ఎందుకంటే అదే డైరీ మొదటి పేజీలో, ఇది పూర్తిగా నా సొంత పని, ఇంకెవరి సాయమూ లేదు అని సంతకం పెట్టింది కూడా ఆమే. సంతకం అబద్ధమని తేలితే ప్రాజెక్టు రద్దు, ఏడాదంతా మళ్ళీ చదవాలి.

ప్రాజెక్టు చిన్నదేమీ కాదు. పరీక్షల్లో ఎవరు ఏ గదిలో, ఏ బెంచీ మీద కూర్చోవాలో తేల్చే ప్రోగ్రాం. ఒకే బ్రాంచి వాళ్ళిద్దరు పక్కపక్కన పడకూడదు. ఆఫీసు గుమాస్తా మూడు రోజులు జుట్టు పీక్కుని వేసే ప్లాను అది. శేషం ప్రోగ్రాం మూడు సెకన్లలో వేస్తుంది.

ఎగ్జామినర్ అంత తేలిగ్గా వదిలే రకం కాదు. ఆరో గదిలో మూడు బెంచీలు విరిగిపోయాయనుకుని మళ్ళీ ప్లాను వెయ్యమన్నాడు. శేషం నొక్కింది. చివరి వరసలో ఒకే బ్రాంచి వాళ్ళిద్దరు భుజాలు రాసుకుంటూ కూర్చున్నారు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

శేషం తల వంచుకుని, పెదాలు కదుపుతూ, ప్రోగ్రామంతా మొదటి లైను నుంచి తనకు తానే చెప్పుకుంది. పది నిమిషాలకి ఒక చోట ఆగి, రెండు లైన్లు మార్చి మళ్ళీ నొక్కింది. ఎగ్జామినర్ తెర మీద వేలు పెట్టి బెంచీ బెంచీ తనే లెక్క చూసుకున్నాడు. వేలెత్తి చూపడానికి ఏమీ దొరకలేదు. పక్కనే కూర్చున్న మేడమ్ ముఖం విప్పారింది.

“ప్రోగ్రాం నీకు క్షుణ్ణంగా తెలుసు. కాదనను,” అన్నాడాయన. “కానీ తప్పులు ఇంకొకరు పట్టుకున్నారని నువ్వే రాశావు. మీ అమ్మమ్మ లెక్చరరా?”

“టైలరండీ. బట్టలు కుడుతుంది.”

క్లాసు ఘొల్లుమంది. ఏదో సరదాకి రాశానని ఒక్క మాట అంటే గండం గడిచిపోతుంది. అనమని మేడమ్ కళ్ళతో సైగ కూడా చేసింది. శేషానికి ఆ మాట నోటికి రాలేదు.

“రోజూ సాయంత్రం కుట్టుమిషన్ పక్కన కింద కూర్చుని, ప్రోగ్రామంతా అమ్మమ్మకి వినిపిస్తానండీ. నేను ఎక్కడ తడబడి ఆగితే అక్కడ, ‘మళ్ళీ మొదట్నుంచి చెప్పు’ అంటుంది. సరిగ్గా అక్కడే తప్పుంటుంది. ఆవిడ లేకపోతే ఈ ప్రాజెక్టు లేదు.”

మేడమ్ నుదురు పట్టుకుంది. మనవరాలి పరీక్ష చూడాలని పొద్దున్నే వచ్చి వరండాలో కూర్చున్న అమ్మమ్మని లోపలికి పిలిపించారు. ఆవిడ చేతిసంచీ పక్కన పెట్టి, చెవి వెనక ఉన్న వినికిడి మిషను సర్దుకుని, ఎగ్జామినర్ చెప్పిందంతా శ్రద్ధగా విన్నది. తను నోరు విప్పితే పిల్లకి మంచో చెడో చెప్పమంది. ఆయన నిజం చెబితే చాలన్నాడు.

అమ్మమ్మ మనవరాలి వైపు కాస్త అపరాధంగా చూసింది.

“ఇన్నాళ్ళూ దీనికి చెప్పలేదు బాబూ. చెబితే నా పక్కన కూర్చోవడం మానేస్తుందని.” చెవిమిషను తీసి టేబుల్ మీద పెట్టింది. “ఇది పెట్టుకుని కుట్టుమిషన్ తొక్కితే తలలో సుత్తితో కొట్టినట్టుంటుంది. అందుకే సాయంత్రాలు తీసి సూదుల డబ్బాలో పడేస్తాను. దీని పెదాలు ఆగినప్పుడల్లా అలవాటుగా ఆ ఒక్క మాటా అనేదాన్ని.”

శేషం డైరీ వంక చూసింది. పదిహేడు తప్పులు. పదిహేడూ తనే పట్టుకుంది. నవ్వు వస్తోందో ఏడుపు వస్తోందో ఆమెకే తెలియలేదు.

ఎగ్జామినర్ మార్కుల కాగితం ముందుకు లాక్కుని రాసేశాడు. తర్వాత ఎందుకో లేచి నిలబడి అమ్మమ్మకి నమస్కారం పెట్టాడు.

“ఈ ప్రాజెక్టు అణువణువూ మీ మనవరాలిదేనండీ. నా సర్వీసులో ఇన్ని మార్కులు ఎవరికీ వెయ్యలేదు.”

చెవిమిషను ఇంకా టేబుల్ మీదే ఉంది. అమ్మమ్మ ఆయన పెదాలు ఆగేదాకా చూసి, మెల్లగా తలాడించి, “ఊఁ, మళ్ళీ మొదట్నుంచి చెప్పు” అంది.