పద్దెనిమిదేళ్లు నిండాయి

"కారుకి అరవై ఏళ్లు, పాసు. మీకు డెబ్బై, కుదరదు పెద్దమ్మా!" పాతకార్ల కొండ పందెం దగ్గర తనిఖీ అధికారి ఆమె పేరు కొట్టేయబోయాడు.

ఆమె నిబంధనల పుస్తకం తెరిచి, అక్షరాల కింద వేలు జరుపుతూ చదివింది.

"డ్రైవరుకు పద్దెనిమిదేళ్లు నిండాలి. నాకు నిండలేదంటావా?"

"నిండాయి గానీ..."

"ఇన్నేళ్లు దాటకూడదని ఏ పేజీలో ఉందో చూపించు నాయనా."

అతను పేజీలన్నీ తిప్పాడు. ఎక్కడా లేదు.

"మలుపులో బ్రేకులు పడకపోతే?"

"నువ్వే తొక్కి చూడు."

తొక్కాడు. పెడల్ గట్టిగా నిలిచింది.

"మీవారు పోయి రెండేళ్లయింది కదా, ఎవరు బిగించారు?"

"ఎప్పుడూ బిగించే మనిషే. నేను."

అతను కారు తలుపుకి నంబరు అంటించాడు. "ఇన్నాళ్లూ ఆ పనితనం ఆయనదే అనుకున్నాం!"

"ఆయనా కాదనలేదు," అంటూ ఆమె హెల్మెట్ పెట్టుకుంది.