వినని కబురు

"ఆ ఫోనెత్తితే నీ సెయ్యి ఇరగ్గొడతాను," అంది రత్నాలమ్మ.

పలాస స్టేషన్లో, పదిమంది ముందు, పెళ్ళయి కూతురున్న కొడుకుతో అన్న మాట అది. రామూర్తి చేతిలో ఫోను మోగుతూనే ఉంది. దాని మీద 'చిన్నాన్న' అన్న పేరు వెలుగుతోంది. చిన్నాన్న సన్యాసికి కిడ్నీలు పాడై చాన్నాళ్ళయింది. మొన్న ఆయాసం ముంచుకొస్తే ఆసుపత్రిలో చేర్పించారు. అతను ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ అతని ఫోను కొడుకు దగ్గరే ఉంటుంది. పొద్దున్నే ఆ కొడుకు ఏం చెప్పడానికి చేస్తున్నాడో ఇంకొకరు విడమర్చనక్కర్లేదు.

"సిన్నాన్నకి ఏటైనా అయినాదేమోనమ్మా."

"నువ్విన్నావా? ఇన్లేదు గదా. ఇననోడికి మైల నేదు."

అది ఆవిడ కొత్తగా పుట్టించిన శాస్త్రం కాదు. చావు కబురు చెవిన పడినప్పట్నుంచే మైల. అందుకే పెళ్ళిపీటల మీద ఉన్నవాళ్ళకీ, తీర్థాలకెళ్ళినవాళ్ళకీ ఆ కబురు చెప్పకుండా దాస్తారు. ఒక్కసారి విన్నారా, ఉన్నపళాన తల మీద నీళ్ళు పోసుకోవాలి, పదిరోజుల పాటు విలాసాలన్నీ కట్టిపెట్టాలి.

కోడలు సౌజన్య బ్యాగు మీద కూలబడింది. కాపురానికొచ్చినప్పట్నుంచీ ప్రతి వేసవిలోనూ విశాఖపట్నం ప్రయాణం అనుకోవడం, బట్టలు సర్దేసరికి ఇంటిపేరు వాళ్ళలో ఎవరో ఒకరు పోవడం. ఒక ఏడు పెదమావగారు, ఇంకో ఏడు ఆయన కొడుకు, ఆ తర్వాత సొంత మావగారే. అందరివీ కిడ్నీలే; ఉద్దానం ఊళ్ళలో ఆ జబ్బు లేని ఇల్లు లేదు. కూతురు ప్రమోదినికి రోప్‌వే అంటే టీవీలో చూడ్డమే.

"ఎనక్కెల్లిపోదాం అత్తా. మనకి రాసిపెట్టి లేదు," అంది సౌజన్య.

"రాసినోడు ఎవుడో నాకు సూపించు, ఆడితో నేను మాటాడతాను. ఉద్దానంలో ఎవులూ సావని వారం సూసుకుని బయల్దేరాలంటే, ముందు మన సావే వత్తాది. నిన్న ఇడ్డెన్లు ఒట్టుకెల్లి సన్యాసికి నా సేత్తో తినిపించినాను. బతికుండగా సెయ్యాల్సింది సేసినాను. ఈ రోజు నా మనవరాలిది. దీన్ని సావుకి ఇవ్వను."

అంటూనే కొడుకు ఫోనూ కోడలి ఫోనూ లాక్కుని సంచిలో పడేసింది. రైలొచ్చింది. ముగ్గుర్నీ లోపలికి తోసి, తనూ ఎక్కింది.

నౌపడా దాటాక సంచి మళ్ళీ మోగింది. ఎదురుగా కూర్చున్నాయన, "అమ్మా, మీ ఫోను," అన్నాడు మర్యాదగా.

"ఏదో కంపెనీవోల్లు బాబూ. పన్లేదు ఆల్లకి," అని సంచిని చంకలో నొక్కిపెట్టింది.

సాయంత్రానికి విశాఖ బీచిలో ఉన్నారు. ఇంటి వెనకే సముద్రం ఉన్నవాళ్ళు సముద్రం చూడ్డానికి ఇంత దూరం రావాలా అని ఊళ్ళో నవ్వారు. నవ్వనీ. ఊరి సముద్రం దగ్గర గుర్రాలున్నాయా, రంగు లైట్లున్నాయా, మరమరాలు కలిపిచ్చే మూరీ మిక్చర్ బళ్ళున్నాయా? ప్రమోదిని కెరటాలకి ఎదురెళ్ళి గెంతుతోంది. సౌజన్య చీర మోకాళ్ళ దాకా తడిసినా పట్టించుకోకుండా కూతురితో సమానంగా నవ్వుతోంది. ఆ నవ్వు చూసి రత్నాలమ్మకి కడుపు నిండిపోయింది.

రామూర్తి మాత్రం నీళ్ళలోకి దిగలేదు. తల్లి పక్కనే ఇసకలో కూర్చుని, "సిన్నప్పుడు సిన్నాన్న నన్ను బుజాల మీదెట్టుకుని జీడితోటలన్నీ తిప్పినాడమ్మా," అన్నాడు. "ఆకరి సూపు నేకపోతే నేనేటి మనిషిని?"

కాపురానికొచ్చిన కొత్తలో పసివాడైన మరిది సన్యాసిని ఎత్తుకు పెంచింది రత్నాలమ్మే. పొద్దుట్నుంచీ బిగబట్టుకున్న గుండె అప్పుడు కరిగింది. సంచి మళ్ళీ మోగింది.

"నువ్విక్కడే ఉండు. నేనెత్తుతాను. ఒక్కదాన్నే ఇంటాను, మైల నాకొక్కదానికే అంటనీ. మీకు రేపు ఊరెల్లినాక సెప్తాను. అందాకా నా మొకం సూసి ఎవులూ ఏటీ అడక్కండి."

దూరంగా నడిచి వెళ్ళి ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. విన్నది. కొంగు నోట్లో కుక్కుకుని, ఉన్నచోటే ఇసకలో చతికిలబడింది. భుజాలు అదురుతున్నాయి.

ఇక అడగడానికేముంది? రామూర్తి చొక్కాతో, ప్యాంటుతో సముద్రంలోకి వెళ్ళి మూడు మునకలు మునిగాడు. సౌజన్య ఏడుస్తున్న ప్రమోదినిని నీళ్ళలోంచి బయటికి లాక్కొచ్చింది. అందరూ రత్నాలమ్మ చుట్టూ చేరారు.

"ఎప్పుడు పోనాడమ్మా?" అన్నాడు రామూర్తి, ఒళ్ళంతా నీళ్ళు కారుతుండగా.

రత్నాలమ్మ మాట్లాడలేక, ఫోను స్పీకర్లో పెట్టి వాళ్ళ ముందుకి చాపింది.

"నేను పోవడమేటర్రా," అంటోంది సన్యాసి గొంతు. "నిన్న రాత్రి డయాలిసిస్ అయినాక ఊపిరి తిరిగొచ్చినాది, పొద్దున్న మావోడి కాడ ఫోను లాక్కుని మీ ఎనకాలే టేసన్‌కొచ్చి జెనరల్ బోగీ ఎక్కీసినాను, నేనూ వత్తన్నానని సెప్దామంటే అప్పట్నించి ఒక్కలూ ఫోనెత్తరేటి, ఇంతకీ ఏ ఒడ్డునున్నారో సెప్పండి, ఇక్కడ బీచిలో మీకోసం కొన్న మొక్కజొన్నపొత్తులు సల్లారిపోతన్నాయి."