గీతలన్నీ నావే

"ఈ ఇంటి గీతలన్నీ నావి సార్. అందరి ముందూ ఒప్పుకుంటారా, లేదా?"

సరస్సు ఒడ్డున ఆ భవనం గుమ్మంలోనే శిష్యురాలు నిలదీసింది. ఇంత ఇల్లూ పుట్టింది ఆమె బుర్రలో. పత్రికల్లో ఫొటో గురువుది, అవార్డు గురువుది. ఆమెకు మిగిలింది మెడనొప్పి.

"ఒప్పుకోవడానికేగా అమ్మాయ్, రమ్మంది! లోపల ఇంటావిడ ఉన్నారు. పక్కనున్నాయన అంతా రికార్డు చేసుకుంటాడు. ఏదీ వదలకుండా చెప్పుకో."

ఎంగిలిచేత్తో కాకిని తోలని మనిషికి ఇవాళ ఇంత దయేమిటో ఆమెకు అంతుపట్టలేదు.

"ఇంత పెద్ద హాల్లో ఒక్క స్తంభమూ లేదే! కప్పు దేని మీద నిలబడింది?" అడిగింది ఇంటావిడ.

గురువు ఆమె వైపు చెయ్యి చూపాడు. శిష్యురాలు అందుకుంది.

"బరువంతా వెనకున్న రాతిగోడ మోస్తుందండీ. లోపలికి రాగానే ముందు సరస్సే కనబడాలని అలా గీశాను."

"మధ్యాహ్నం అయితే సీలింగ్ మీద అలలు ఆడతాయి. అదెలా?"

"కిటికీలు బాగా కిందికి దించానండీ. నీళ్ళ మీద పడ్డ ఎండ తుళ్ళి పైకొస్తుంది."

ఇంటావిడ గురువు వైపు తిరిగింది. "మరి మీరేం చేశారు?"

"సంతకం పెట్టానండీ. మిగతాదంతా అమ్మాయిదే."

శిష్యురాలికి ఒళ్ళు గాల్లో తేలిపోయింది.

అద్దాల తలుపు జరిపి అందరూ వరండాలోకి వచ్చారు. సరస్సు మీదికి చొచ్చుకుపోయిన చెక్క వరండా. చుట్టూ రెయిలింగ్ లేదు. నేల ఎక్కడ ఆగిందో, నీరు ఎక్కడ మొదలైందో తెలియదు.

"ఇల్లంతా ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. వచ్చినవాళ్ళంతా దీని గురించే మాట్లాడతారు," అంది ఇంటావిడ. "ఇదీ నీ ఆలోచనేనా?"

ఇదొక్కటే శిష్యురాలిది కాదు. ఆమె రెయిలింగ్ గీసింది. కంటికి అడ్డమంటూ గురువు కొట్టేశాడు. వద్దు సార్ అని ఎంత మొత్తుకున్నా వినలేదు.

కానీ పత్రిక ముఖచిత్రం ఈ వరండానే. దీన్ని వదిలేస్తే ఆయన రేపు మళ్ళీ ఇల్లంతా తనదే అంటాడు. ఓరగా చూసింది. గురువు తల వంచుకుని బూట్లు చూసుకుంటున్నాడు.

"నాదేనండీ! రెయిలింగ్ ఉండాలని సారే పట్టుబట్టారు. నేనే వినలేదు."

"ఇంకోసారి చెప్పమ్మా, స్పష్టంగా," అన్నాడు రికార్డు చేస్తున్నాయన.

చెప్పింది. ఈసారి ఇంకా గట్టిగా.

ఇంటావిడ నీళ్ళ మీంచి చూపు తిప్పలేదు.

"మొన్న నా మనవడు బంతి వెంట పరిగెత్తుతూ ఇక్కణ్ణుంచే నీళ్ళలో పడి చనిపోయాడు. ఇన్‌స్పెక్టర్ గారూ, ఇక తీసుకెళ్ళండి."