కట్టమంటే పారింది

యంత్రాలు ఎవరింటి మాట వాళ్లింట్లో నేర్చుకుని, తెల్లారేసరికి మెనూలో పేర్లు మార్చేసుకునే రోజులు వచ్చాయి. నరసరావుపేటలో యంత్రాల సూచనలను తెలుగులో రాసిచ్చే హైమవతికి పని కత్తిమీద సామైంది. అయినా ఆమె బెదిరే రకం కాదు.

ఆ ఉదయం చినకోటయ్య చేలోంచి ఫోన్ చేశాడు. "అమ్మాయ్, మిరపచేను మునిగిపోతంది! మోటారు ఆగాలంటే 'కట్టు' నొక్కమని రాశావుగా? నొక్కేకొద్దీ నీళ్లు ఎక్కువైపోతన్నాయి!"

హైమవతి నాలుక కరుచుకుంది. మోటారు కట్టేయమంటే ఆపమని, చేనుకు నీళ్లు కట్టమంటే పారించమని. నిన్నటిదాకా మొదటి అర్థంలో ఉన్న మాటను, చినకోటయ్య నోటి నుంచి విని, యంత్రం రాత్రికి రాత్రే రెండో అర్థంలోకి మార్చుకుంది.

"మరి ఆపడానికి ఏ మాట పెట్టిందో చూడు బాబాయ్."

"మెనూలో నలభై మాటలున్నాయి తల్లీ. అన్నీ చదివేలోపు నీళ్లు నిలిచి చేనంతా ఉరకెత్తి చచ్చుద్ది."

"చదవొద్దులే. పిన్ని ఇంకో గరిటె అన్నం వడ్డించబోతే ఏమంటావు?"

"ఇప్పుడు తిండి గోలేందమ్మా? 'చాల్చాల్లే' అంటా."

"అదెక్కడుందో వెతికి నొక్కు."

కాసేపటికి ఫోన్లో మోటారు రొద టక్కున ఆగిపోయింది.

హైమవతి సూచనల కాగితం తీసి, 'కట్టు' అన్న మాట కొట్టేసింది. అక్కడ ఖాళీ గీత గీసి, దాని కింద ఇలా రాసింది: "మీ ఇంట్లో కడుపు నిండినవాళ్లు ఏమంటారో ఇక్కడ రాసుకోండి."